నాన్న చేత్తో రాసిన నంబర్ ప్లేట్ తీసేయాలా?

ఈ వారం ఉత్తరం వరంగల్‌కు దగ్గర్లోని ఒక చిన్న టౌన్ నుంచి వచ్చింది. రాసినాయనకు 32 ఏళ్లు, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆయన తండ్రి బోర్డులు రాసే ఆర్టిస్ట్. ఫ్లెక్సీలు, రేడియం స్టిక్కర్లు రాకముందు ఆ టౌన్‌లో షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక రాతలు, బండ్ల నంబర్ ప్లేట్లు చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చినవే. 2012లో తన కోసం ఒక మోటార్ సైకిల్ కొనుక్కుని, ముందూ వెనకా ప్లేట్లు రెండూ ఎనామిల్ పెయింట్‌తో తనే రాసుకున్నారు. నంబర్ కింద సన్నటి అక్షరాల్లో భార్య పేరు రాశారు. వెనక మడ్‌ఫ్లాప్ మీద తన ఆర్ట్స్ పేరు, దాని కింద ఫోన్ నంబర్ వేసుకున్నారు. 14 నెలల కిందట గుండెపోటుతో చనిపోయారు. బండిని ఇప్పుడు ఈయనా, తమ్ముడూ వాడుతున్నారు. ఆర్‌సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంది.

నెల కిందట ఇంట్లో ఉన్న తండ్రి పాత ఫోన్‌కు ఒక కాల్ వచ్చింది. తల్లి ఎత్తారు. జనగామ నుంచి ఒక పెద్దాయన. తన బండి మీద మూడు చలానాలు కనిపిస్తున్నాయని, ఫొటోలు తెరిచి చూస్తే ఆ బండి తనది కాదని, మడ్‌ఫ్లాప్ మీద ఈ నంబర్ ఉంటే చేశానని చెప్పారు. తండ్రి 7 అంకెను తనదైన పద్ధతిలో, పై గీత బాగా పొట్టిగా, కిందికి వాల్చి రాసేవారట. ఫొటోలో అది 1 లాగే ఉంది. దాంతో ఈ బండికి పడాల్సిన చలానాలు ముక్కూమొహం తెలియని ఆ పెద్దాయన బండికి పడుతున్నాయి. హెల్మెట్ లేకుండా వెళ్లిన రెండూ ఈయనవి, ట్రిపుల్ రైడింగ్ ఒకటి తమ్ముడిది.

ప్లేట్ మార్చేద్దామంటే తల్లి ఒప్పుకోవడం లేదు. "ఆయన రాసినవన్నీ ఊళ్లో చెరిపేశారురా, ఇదొక్కటే మిగిలింది" అంటున్నారు. కొత్త ప్లేట్ వేస్తే ఏపీ 36 పోయి టీజీ నంబర్ వస్తుందని కూడా ఆమె భయం. బావగారేమో రేడియం షాపులో అచ్చం హై సెక్యూరిటీ ప్లేట్ (హాలోగ్రామ్‌తో ఉండే, ప్రభుత్వ రూల్ ప్రకారం వచ్చే ప్లేట్) లాంటిదే అరగంటలో చేసిస్తారు, పని అయిపోతుంది అంటున్నారు. ఈలోగా తమ్ముడు కెమెరాకు చిక్కకుండా వెనక ప్లేట్‌ను పైకి వంచేశాడు. "రూల్ ఏమంటుంది? అమ్మ మనసు కష్టపెట్టకుండా ఏదైనా దారి ఉందా? నాకు రాత్రిళ్లు ఇదే టెన్షన్" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా చిన్నప్పుడు నేనూ ఇలాంటి ఆర్టిస్టుల దుకాణాల ముందు గంటల తరబడి నిలబడి చూసినవాణ్నే. చాక్‌పీసు పొడి పట్టించిన దారాన్ని రేకు మీద బిగించి పట్టుకుని ఒక్కసారి టప్పున వదిలితే తెల్లటి గీత పడేది. ఆ గీతల మధ్య కుంచె ఎత్తకుండా అంకె మొత్తం దింపేవారు. అందుకే అమ్మగారి మాట నాకు బాగా అర్థమవుతోంది. ఆ ప్లేట్ ఆమెకు రేకు ముక్క కాదు.

అయితే మీ ఉత్తరంలో నాలుగు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి: నంబర్, ప్లేట్, ఆర్‌సీ, ఆ జనగామ పెద్దాయన. నాలుగూ కలిపి ఆలోచిస్తున్నారు కాబట్టే మీకు దారి కనబడటం లేదు. విడదీసి చూద్దాం.

ముందుగా అమ్మగారి భయం సంగతి, ఎందుకంటే అది తీరిపోయే భయం. నంబర్ వేరు, ప్లేట్ వేరు. నంబర్ అంటే రిజిస్ట్రేషన్ చేసిన రోజు రవాణా శాఖ మీ బండికి ఇచ్చిన గుర్తు. ప్లేట్ దాన్ని చూపించే రేకు మాత్రమే. రేకు మారితే నంబర్ మారదు. 2024 మార్చిలో తెలంగాణలో టీఎస్ బదులు టీజీ వచ్చింది నిజమే కానీ, అది ఆ తర్వాత కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకే. అంతకుముందు ఏపీ పేరుతోనో టీఎస్ పేరుతోనో రిజిస్టర్ అయిన బండ్ల నంబర్లు అలాగే ఉంటాయి. మీ బండికి హై సెక్యూరిటీ ప్లేట్ వేసినా దాని మీద ఏపీ 36 అనే ఉంటుంది, మీ నాన్నగారు ఇష్టపడి తీసుకున్న నంబరే ఉంటుంది. రేపు ఆర్‌సీ మీ పేరు మీదికి మారినా నంబర్ అదే. ఈ ముక్క అమ్మగారికి ఇవాళే చెప్పండి. ఆమె ఒప్పుకోకపోవడంలో సగం బరువు దీనిదే కావచ్చని నాకనిపిస్తోంది.

ఇప్పుడు ప్లేట్ గురించి. నంబర్ ప్లేట్ ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 50, 51 రూల్స్ చెబుతాయి. అక్షరాలు ఇంగ్లీషులో ఉండాలి, అంకెలు మనం మామూలుగా వాడేవే ఉండాలి. సొంత బండికి తెలుపు మీద నలుపు. మోటార్ సైకిల్ వెనక ప్లేట్ మీద అక్షరం ఎత్తు 35 మిల్లీమీటర్లు, అంకె ఎత్తు 40 మిల్లీమీటర్లు, గీత మందం 7, మధ్య ఖాళీ 5 ఉండాలి. ముందు ప్లేట్‌కు ఎత్తు 30, మందం 5, ఖాళీ 5. వంకర అక్షరాలు, అలంకారాలు కుదరవు. నంబర్ తప్ప పేర్లు, బొమ్మలు, దేవుడి పేరు, పార్టీ గుర్తు ఏదీ ప్లేట్ మీద ఉండకూడదు. దీని ప్రకారం మీ నాన్నగారి ప్లేట్‌లో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ఆ 7. రెండోది కింద రాసిన అమ్మగారి పేరు.

చాలామంది ఇక్కడ పొరపడుతుంటారు. డబ్బు కట్టి ఫ్యాన్సీ నంబర్ తీసుకోవచ్చు, రవాణా శాఖే వేలం పెడుతుంది. ఆ నంబర్‌ను ఫ్యాన్సీగా రాసుకోవడానికి మాత్రం ఎంత కట్టినా వీల్లేదు. లక్షలు పోసి కొన్న 9999 అయినా అందరి ప్లేట్ మీద ఉన్న అక్షరాల్లోనే ఉండాలి.

హై సెక్యూరిటీ ప్లేట్ అనేది 2001లోనే రూల్స్‌లోకి వచ్చింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో, టెండర్లలో నలిగి, చివరికి 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే బండ్లకు కంపెనీయే ప్లేట్ ఇవ్వాలని, డీలరే బిగించాలని ఖాయం చేశారు. అంతకుముందు కొన్న మీ బండి లాంటి వాటికి కూడా కంపెనీల ద్వారానే ప్లేట్లు వేయించుకునే ఏర్పాటు ఉంది. వీటికి ఒక్కో రాష్ట్రం ఒక్కో గడువు పెడుతూ, మారుస్తూ వస్తోంది. అందుకని వాట్సాప్‌లో తిరిగే "రేపే ఆఖరు తేదీ" మెసేజ్‌లను నమ్మి కంగారుపడకండి. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నదే చూడండి. మీ విషయంలో గడువు ఎప్పుడన్నది పెద్ద ప్రశ్న కూడా కాదు. మీ ప్లేట్ వల్ల ఇంకొకరికి ఇప్పటికే ఇబ్బంది కలుగుతోంది.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

బావగారు చెప్పినది నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ దారి. ఆయన మీ మేలు కోరే చెప్పి ఉంటారు, పని తొందరగా అవుతుందని. కానీ హై సెక్యూరిటీ ప్లేట్ రేడియం షాపులో తయారయ్యేది కాదు. అసలు ప్లేట్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. అల్యూమినియం రేకు, ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల హాలోగ్రామ్, దానిలో అశోక చక్రం. అది అతికించింది కాదు, వేడితో రేకులోకి దింపింది, గోరుతో గీకితే రాదు. దాని కింద నీలి రంగులో ఐఎన్‌డీ అని ఉంటుంది. ఎడమ మూల లేజర్‌తో చెక్కిన పది అంకెల నంబర్, ఏ ప్లేట్‌కు ఆ ప్లేట్‌దే. ఉబ్బెత్తుగా ఉన్న నల్ల అక్షరాల మీద వేలితో రాస్తూ ఏటవాలుగా వెలుతురులో చూస్తే ఇండియా అనే మాట వరసగా కనిపిస్తుంది. వెనక ప్లేట్‌ను ఒకసారి బిగిస్తే మళ్లీ ఊడదీసి వాడుకోలేని స్నాప్ లాక్‌తో బిగిస్తారు. ప్రతి ప్లేట్ వివరాలూ బండి వివరాలతో కలిపి కంప్యూటర్‌లో ఎక్కుతాయి. రేడియం షాపువాళ్లు పై రూపం ఒక్కటే తీసుకొస్తారు. హాలోగ్రామ్ స్టిక్కర్ ఉంటుంది, ఆ పది అంకెలు ఎక్కడివో వాళ్లకే తెలియదు.

పోలీసులు ఆపినప్పుడు మీ నాన్నగారి పాత ప్లేట్ ఉందనుకోండి, రూల్ ప్రకారం లేని ప్లేట్ అంటారు. కేంద్ర చట్టంలో 177 సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ అయితే 1500 దాకా జరిమానా. రాష్ట్రాన్ని బట్టి అక్కడికక్కడ కట్టించుకునే మొత్తం మారుతుంది. అదే డూప్లికేట్ హై సెక్యూరిటీ ప్లేట్ ఉంటే మీది పొరపాటు అనరు, మోసగించాలని చేశారు అంటారు. తెలియక జరిగిన తప్పును తెలిసి చేసిన తప్పుగా మార్చుకోవడం ఎందుకు చెప్పండి?

తమ్ముడు చేసిన పనిని కూడా ఇక్కడే చెప్పాలి. నాన్నగారు 7ను అలా రాయడం ఆయన చేతి తీరు. తమ్ముడు ప్లేట్ వంచడం వేరే సంగతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి, ఇంట్లో కూడా కట్టనివ్వకండి. చలానా తప్పించుకోవడానికి ప్లేట్ వంచినా, మాస్క్ తగిలించినా, అంకె చెరిపినా హైదరాబాద్‌లో పోలీసులు చీటింగ్ కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318 సెక్షన్ ఉంది. చదువుకునే కుర్రాడైతే, 200, 500 చలానా కోసం అలాంటి కేసు మెడకు చుట్టుకుంటే ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నింటికీ అడ్డమే. ఈ జవాబు చదవడం పూర్తవగానే బయటికి వెళ్లి ఆ ప్లేట్‌ను నిదానంగా చేత్తో సరిచేయండి. సుత్తితో కొట్టకండి, పాత పెయింట్ పెచ్చులు లేస్తుంది. తమ్ముడితో గొడవ కూడా పెట్టుకోకండి. అమ్మ ఆ ప్లేట్‌ను ఎలా చూస్తుందో చెప్పండి, చాలు.

రెండో దారి: ప్లేట్‌ను అలాగే ఉంచి, అంకెలు మాత్రం రూల్ కొలతల్లో మామూలుగా తిరిగి రాయించడం. దీంతో 7 స్పష్టంగా కనిపిస్తుంది, జనగామ పెద్దాయనకు బాధ తప్పుతుంది. కానీ ఆలోచించండి, తిరిగి రాయించడమంటే నాన్నగారి రాత మీద ఇంకొకరు రంగు పూయడం. అమ్మగారికి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది, ఇటు హై సెక్యూరిటీ ప్లేట్ కూడా రాదు. రెండిందాలా నష్టం. చేయాల్సి వస్తే పాత ప్లేట్లు విప్పి దాచి, కొత్త రేకు మీద రాయించండి. హై సెక్యూరిటీ ప్లేట్‌కు స్లాట్ దొరికే దాకా ఆ పది పదిహేను రోజులకు పనికొస్తుంది.

మూడో దారి: బండిని ఆ ప్లేట్లతోనే ఇంట్లో ఉంచేసి, మీరిద్దరూ వేరే బండి చూసుకోవడం. ఇది విని నవ్వకండి, కొందరు ఇళ్లలో ఇలా చేస్తారు, వాళ్లకు అది సరిపోతుంది కూడా. రోడ్డెక్కని బండి ప్లేట్ గురించి ఎవరూ అడగరు. అమ్మగారు రోజూ చూసుకోవచ్చు. అయితే నడవని బండి తొందరగా పాడవుతుంది. టైర్లు పగుళ్లిస్తాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది. పైగా 2012లో రిజిస్టర్ అయిన బండికి 15 ఏళ్లు 2027తో నిండుతాయి. ఆ తర్వాత రోడ్డు మీదికి తేవాలంటే ఫారం 25 పెట్టి, బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, ఇంకో అయిదేళ్లకు రెన్యువల్ చేయించాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూలన పడేసిన బండి అప్పుడు పాసవడం కష్టం. నాన్నగారి గుర్తుగా బండి నడుస్తూ ఉండాలా, ప్లేట్ కళ్ల ముందు ఉండాలా, ఈ రెండింట్లో ఏది ముఖ్యమో మీ ఇంట్లోనే మాట్లాడుకోవాలి.

నాలుగోది, నాకు ఎక్కువ నచ్చిన దారి: అసలైన హై సెక్యూరిటీ ప్లేట్లు వేయించి, నాన్నగారి ప్లేట్లు ఇంటికి తెచ్చుకోవడం. మీ బండి కంపెనీ ఏదో ఆ కంపెనీ ఏర్పాటు చేసిన సైట్‌లోనే బుక్ చేయాలి. వాహన తయారీదారుల సంఘం సియామ్ వెబ్‌సైట్ నుంచి వెళితే సరైన లింక్ దొరుకుతుంది. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే సెర్చ్ చేస్తే అదే రూపంలో దొంగ సైట్లు కూడా వస్తాయి, డబ్బులు తీసుకుని కనబడవు. బండి నంబర్, చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉన్నట్టే కొట్టాలి. యజమాని పేరు అడిగితే ప్రస్తుతానికి ఆర్‌సీలో ఉన్న నాన్నగారి పేరే ఇవ్వండి. ప్లేట్ బండితో ముడిపడింది. తర్వాత పేరు మారినా ప్లేట్ మారదు. ఇంజిన్ నంబర్ ఎంట్రీలో తేడా వస్తే రేడియం షాపు వైపు పరిగెత్తకండి. ఆర్‌సీ, బండి మీద చెక్కిన నంబర్ ఫొటో తీసుకుని ఆర్టీవో ఆఫీసులో సరిచేయించుకోవాలి. డబ్బు ఆన్‌లైన్‌లోనే కట్టి, ఇచ్చిన తేదీన ఆ డీలర్ దగ్గరికి బండితో వెళ్లాలి. పాత ప్లేట్లు విప్పి జేబులో పెట్టుకుని ఉత్త బండితో వెళ్లకండి, ప్లేట్ లేకుండా నడపడం ఇంకో తప్పు అవుతుంది. ప్లేట్లతోనే వెళ్లి, పాతవి మాకు కావాలి, జాగ్రత్తగా విప్పండి అని ముందే చెప్పండి.

మడ్‌ఫ్లాప్ నంబర్ ప్లేట్‌లో భాగం కాదు. నాన్నగారి ఆర్ట్స్ పేరు అక్కడ అలాగే ఉండనివ్వండి. ఆ ఫోన్ నంబర్ వల్లే కదా ఈ పొరపాటు బయటపడింది.

అమ్మగారితో ఎలా మాట్లాడాలి అని అడిగారు. రూల్స్ చదివి వినిపిస్తే ఆమె మనసు మారదు. ఒక విషయం అడిగి చూడండి. 2001 దాకా సొంత బండ్లకు నల్ల రేకు మీద తెల్ల అంకెలుండేవి. ఆ ఏడాది రూల్ మారి తెల్ల రేకు మీద నల్ల అంకెలు వచ్చాయి. ఆ రోజుల్లో మీ టౌన్‌లో స్కూటర్ల ప్లేట్లన్నీ తెల్లగా మార్చింది ఎవరో అడగండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది మీ నాన్నగారే అయి ఉంటారు. రోజుకు ఎన్ని ప్లేట్లు వచ్చేవో, ఇంటి అరుగు మీద ఎక్కడ ఆరబెట్టేవారో, పిల్లలు చెయ్యి పెడితే ఎలా కేకలేసేవారో ఆమెకు గుర్తుండి ఉంటుంది. చెప్పనివ్వండి. రూల్ మారినప్పుడల్లా ఊరి ప్లేట్లు మార్చిన మనిషి ఇంట్లో ప్లేట్ మారడం ఆయన్ను చెరిపేయడం కాదని ఆమే అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు కూడా. ఒక్కరోజులో ఒప్పించాలని చూడకండి. ప్లేట్లను ఫ్రేమ్ కట్టించి ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో ఆమెనే చెప్పమనండి. ప్లేట్ మీద తన పేరు ఉంది కదా, ఎండకూ వానకూ ఆ పేరు వెలిసిపోతోంది. గోడ మీద అయితే ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. ఇది ఆమెకు చెప్పదగ్గ మాటే.

అయినా ఆమె వద్దంటే మూడో దారి ఉండనే ఉంది. ఏ దారైనా సరే, డీలర్ దగ్గరికి వెళ్లే ఆ ఒక్కసారి తప్ప, ఆ 7తో బండి రోడ్డెక్కడం మాత్రం ఇక ఆపండి.

ఆర్‌సీ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నిజానికి ఎక్కువ ప్రమాదం ఇందులోనే ఉంది. యజమాని చనిపోతే ఆ సంగతి, బండి తాము వాడుకుంటామన్న సంగతి 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. అలా తెలిపితే మూడు నెలల దాకా ఆ పేరుతోనే నడుపుకోవచ్చు, ఆ మూడు నెలల్లో ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. మీకు 14 నెలలైంది. ఇప్పటికీ మార్పించుకోవచ్చు, ఆలస్యానికి అదనంగా కట్టాల్సి రావచ్చు. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారు, తమ్ముడు, అక్కాచెల్లెళ్లు ఉంటే వాళ్లు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని స్లాట్ బుక్ చేసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పి పాలసీ పేరు మార్పించండి. చనిపోయినవారి పేరు మీద ప్రీమియం కట్టి ఇన్సూరెన్స్ ఉందనుకుంటాం గానీ, దేవుడి దయవల్ల జరగకూడదు, ఏదైనా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఆ పేరే అడ్డుపడుతుంది. అవతలివాళ్లకు దెబ్బలు తగిలితే ఆ భారం మీ మీద పడే పరిస్థితి రావచ్చు. ఇంటికి పెద్దకొడుకుగా మీరు టెన్షన్ పడాల్సింది దీనికే, ప్లేట్‌కు కాదు. ఆర్‌సీ అమ్మగారి పేరు మీదికి మార్పించడం కూడా ఒక పద్ధతే. బండి తన పేరు మీద ఉందంటే ఆమెకు కాస్త ధైర్యంగా ఉండొచ్చు. నడిపేది మీరే కాబట్టి మీ పేరు మీద ఉంటే సంతకాలకు, ఇన్సూరెన్స్‌కు తిరగడం తేలిక. ఏదైనా తప్పు కాదు.

ఇక జనగామ పెద్దాయన. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఆయన ప్రస్తావనే. ఆయన నేరుగా పోలీసులకు ఫిర్యాదు పెట్టొచ్చు, కానీ ముందు ఫోన్ చేశారు. అమ్మగారు ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశారని రాశారు. ఆయనకు మీరు ఫోన్ చేయండి, ఇవాళే. ఇక్కడ రెండు మార్గాలున్నాయి. బండి నంబర్ కొట్టి ఆయన పేరు మీదున్న ఆ మూడు చలానాలూ మీరే ఆన్‌లైన్‌లో కట్టేయొచ్చు. ఎవరు కట్టినా తీసుకుంటుంది. పది నిమిషాల్లో తేలిపోతుంది, కానీ చేయని తప్పులు ఆయన బండి పేరు మీదే రికార్డులో ఉంటాయి. లేదా ఆయన చేత చలానా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టించి, మీ బండి ఫొటో, 7 దగ్గర్నుంచి తీసిన ఫొటో మీరు ఇచ్చి సరిచేయించొచ్చు. దీనికి రోజులు పడుతుంది, చలానాలు మీ బండి మీదికి వస్తాయి, మీ ప్లేట్ గురించి కూడా అడుగుతారు. నన్నడిగితే రెండోదే న్యాయంగా ఉంది. అయినా ఎలా చేయాలో ఆయన్నే అడగండి. కొందరు పెద్దవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడం మా వల్ల కాదు బాబూ, కట్టేయ్ చాలు అంటారు. అలా అంటే కట్టేసి, రసీదు ఫొటో పంపండి. నెలరోజుల తర్వాత ఇంకోసారి ఆయన నంబర్ మీద కొత్తగా ఏమీ పడలేదని చూసుకోండి, పాత ఫొటోలకు చలానాలు ఆలస్యంగా కూడా పడుతుంటాయి.

ఒకవేళ ఆయన ఇప్పటికే ఫిర్యాదు పెట్టి ఉంటే, పోలీసుల నుంచి మీకు కాల్ వస్తే భయపడకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. నాన్నగారి ప్లేట్, ఆ 7, మీరు చేసిన బుకింగ్ రసీదు చూపించండి. రేడియం షాపు ప్లేట్ వద్దని అంతగా చెప్పింది ఇందుకే. ఆ సమయంలో బండికి డూప్లికేట్ ప్లేట్ ఉంటే మీరు చెప్పే ఒక్క నిజమూ ఎవరూ నమ్మరు.

హెల్మెట్ సంగతి కూడా అనేస్తాను, కోపం తెచ్చుకోకండి. ఆ రెండు ఫొటోల్లో ఉన్నది మీరే కదా. ఏడాదిన్నర కాకముందే ఇంట్లో ఒకర్ని పోగొట్టుకున్న తల్లి మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఒక చిన్న పని మిగిలింది. పన్నెండేళ్లు దాటిన బండి కాబట్టి ప్లేట్ బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. డీలర్ దగ్గర కుర్రాళ్లు తొందరలో ఉంటారు, స్పానర్ జారితే అంకెల మీదే గీత పడుతుంది. వెళ్లే ముందురోజు రాత్రి బోల్టుల మీద రెండు చుక్కలు నూనె వేసి ఉంచండి. రేకు మీదికి కారకుండా కింద గుడ్డ పెట్టండి. విప్పేటప్పుడు వెనక ప్లేట్ మీరే పట్టుకోండి. ఇంటికి తెచ్చేటప్పుడు రెండు ప్లేట్ల మధ్య మెత్తటి బట్ట పెట్టండి. అమ్మగారి పాత చీర ముక్క అయితే ఇంకా మంచిది.